రోడ్డు బలం ఒక్క నొక్కుతో తేలదు

నరసరావుపేటలో మాచర్ల వైపు బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరికితే, ఫోన్ కాసేపు జేబులో పెట్టండి. పిడుగురాళ్ల దాటాక దాచేపల్లి, గురజాల, రెంటచింతల మీదుగా వెళ్తున్నంతసేపూ రోడ్డును చూడండి. లోడు లారీలు వెళ్లే పక్కన, సరిగ్గా చక్రాలు నడిచే చోట, తారు లోపలికి కుంగి గాడి పడిన చోట్లు కనిపిస్తాయి. అంచుకు అడుగు దూరంలో రోడ్డు పొడవునా సాగిన సన్నటి పగుళ్లు కూడా అక్కడక్కడా ఉంటాయి. రెండూ పాడైన రోడ్డు గుర్తులే కానీ రెండింటి కారణం ఒకటి కాదు. ఆ తేడా చెప్పగలిగితే మీరు సివిల్ ఇంజినీరింగ్ చదివినట్టు. చెప్పలేకపోతే డిగ్రీ చేతికొచ్చినా చదువు ఇంకా మిగిలి ఉన్నట్టే.

ఈ మాట సివిల్ చదువుతున్న మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థుల కోసం. సీటు వచ్చిందని చేరి, చేరాక 'సివిల్‌లో ఏముందిరా' అని సీనియర్లే అంటుంటే విని, రాత్రుళ్లు కోడింగ్ వీడియోలు చూస్తున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. చూడండి, తప్పులేదు. కానీ ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో బైండింగ్‌తో సహా కొనుక్కురావడానికి ముందు ఒక్కసారి కాలేజీ గేటు బయట ఉన్న మట్టిని చూడండి. దేశంలో ఇంజినీర్లను ముప్పుతిప్పలు పెట్టే నేలల్లో ఒకటి మీ కాళ్ల కిందే ఉంది.

నల్లరేగడి గురించి మీకు మేము చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో పత్తో మిర్చో వేసేవాళ్లుంటే మాకంటే మీకే బాగా తెలుసు. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. తడిసినప్పుడు చెప్పుకు అంటుకుని కాలే లేవదు. అలాంటి నేల మీద కంకర పరిచి, రోలర్ తొక్కించి, పైన తారు వేసి, దాని మీదుగా సున్నపురాయి, సిమెంటు, మిర్చి టిక్కీల లారీలను నడిపిస్తున్నాం. చక్రం దిగిన ప్రతిసారీ కంకర రాళ్లు వెంట్రుకవాసి పక్కకు జరుగుతాయి. కింది మెత్తటి మట్టి కొంచెం పైకి, కంకరలోకి దూరుతుంది. ఒక లారీతో ఏమీ కాదు, లక్ష లారీలు వెళ్తే గాడి పడుతుంది.

ఆ కంకర పక్కకు జరగకుండా పట్టి ఉంచడానికి వేసే ప్లాస్టిక్ జాలే జియోగ్రిడ్. దాని గళ్లలో రాళ్లు ఇరుక్కుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బట్టలా ఉండే జియోటెక్స్‌టైల్ ముఖ్యంగా చేసే పని వేరు. అది నీటిని పోనిచ్చి, మట్టినీ కంకరనూ కలవనివ్వదు. తేనెపట్టులా గదులుండే జియోసెల్ ఇంకోరకం. విడిగా పోస్తే కారిపోయే ఇసుక బస్తాలో కుక్కితే మనిషి బరువు మోస్తుంది కదా, అదే సూత్రం. జాలి నులకమంచంలా సాగి బరువు మోస్తుందని కొందరు రాస్తారు. అదీ నిజమే కానీ, మంచం మోయాలంటే ముందు బాగా కుంగాలి. తారు రోడ్డు అంత కుంగే వేళకు దాని పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అందుకే తారు రోడ్ల బేస్ పొరలో అసలు పని రాళ్లను పక్కకు కదలనివ్వకపోవడమే.

ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. ఈ జాలి నిజంగా పనిచేసిందని ఎలా తెలుస్తుంది? మన కాలేజీల్లో జరిగే తప్పు ఇక్కడే మొదలవుతుంది.

ఎక్కువగా కనిపించే ప్రాజెక్టు ఇది. సీబీఆర్ అచ్చు తీసుకుంటారు. మట్టి నింపుతూ మధ్యలో గుండ్రంగా కత్తిరించిన జియోగ్రిడ్ ముక్క పెడతారు. నాలుగు రోజులు నానబెట్టి మెషీన్ కింద పెట్టి నొక్కుతారు. విలువ పెరిగిందని బార్ గ్రాఫ్ గీసి, 'జియోగ్రిడ్ వాడకం వల్ల రోడ్డు బలపడును' అని ముగిస్తారు. వైవాలో మార్కులు కూడా పడతాయి. కానీ ఆలోచించండి. అచ్చు వ్యాసం 150 మిల్లీమీటర్లు. జాలి గళ్లు 30, 40 మిల్లీమీటర్లుంటే ఆ ముక్కలో పట్టేవి నాలుగైదు వరుసలు. చుట్టూ ఉక్కు గోడ మట్టిని ఎలాగూ కదలనివ్వదు. అంటే జాలి చేయాల్సిన పనిని గోడే చేసేస్తోంది. ప్లంజర్ నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దిగి రెండు నిమిషాల్లో 2.5 మిల్లీమీటర్లు చేరుతుంది. ఒక్క నొక్కు, అంతే. సీబీఆర్ మంచి పరీక్షే. కింది మట్టి ఎంత గట్టిదో చెప్పడానికి పుట్టింది. రోజంతా చక్రాలు తొక్కే పొరలో జాలి ఏం చేస్తుందో చెప్పడానికి పుట్టలేదు.

ట్రాఫిక్ అంటే ఒక్క పెద్ద బరువు కాదు, అదే బరువు మళ్లీ మళ్లీ పడటం. ఈ సంగతిని ప్రపంచానికి లెక్కలతో చూపించింది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 దాకా జరిగిన ఆషో రోడ్ టెస్ట్. ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద సైన్యం డ్రైవర్లు రెండేళ్లపాటు లారీలు తిప్పారు. 11 లక్షలకు పైగా యాక్సిళ్లు నడిచాయి. మనం ఇవాళ వాడే నాలుగో ఘాతం లెక్క అక్కడి నుంచి వచ్చిందే. యాక్సిల్ బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. మన ఐఆర్‌సీ 37 లో ప్రామాణిక యాక్సిల్ 80 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 8.16 టన్నులు. 2018 లో కేంద్రం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. 11.5 ని 8.16 తో భాగించి నాలుగో ఘాతానికి పెంచండి, దాదాపు 4 వస్తుంది. చట్టప్రకారం పూర్తి లోడుతో వెళ్లే ఒక్క యాక్సిల్ నాలుగు ప్రామాణిక యాక్సిళ్లతో సమానం అన్నమాట. ఓవర్‌లోడు లారీ లెక్క మీరే వేసుకోండి. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి కాగితం మీద వేస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

అందుకే బేస్ పొరలో జాలిని పరీక్షించే ల్యాబుల్లో పెద్ద తొట్టె ఉంటుంది. అడుగున మెత్తటి మట్టి, పైన కంకర, మధ్యలో జాలి. దాని మీద గుండ్రటి ఉక్కు ప్లేటు, ప్లేటు మీద కంప్యూటర్ చెప్పినట్టు నొక్కి వదిలే హైడ్రాలిక్ యాక్చుయేటర్. 80 కిలోన్యూటన్ల యాక్సిల్‌లో ఒక పక్క బరువు 40. దాన్ని 300 మిల్లీమీటర్ల ప్లేటు మీద పెడితే ఒత్తిడి సుమారు 0.56 మెగాపాస్కల్. ఐఆర్‌సీ డిజైన్‌లో తీసుకునే టైరు ఒత్తిడి కూడా దాదాపు అదే. అలా వేలసార్లు నొక్కి, వదిలి, ప్రతిసారీ ఎంత కుంగింది, అందులో ఎంత తిరిగి లేచింది, ఎంత శాశ్వతంగా మిగిలిపోయింది అని రాసుకుంటారు. మన పక్కనే ఐఐటీ హైదరాబాద్‌లో శిరీష్ సరిదె బృందం జియోగ్రిడ్, జియోసెల్ వేసిన బేస్ పొరల మీద ఇలాంటి పునరావృత భార పరీక్షలు చేసి అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించింది. పాత తారు రోడ్డును తవ్వితే వచ్చే మెటీరియల్‌ను జియోసెల్‌లో నింపి బేస్‌గా వాడొచ్చా అన్నది వాళ్లు తేల్చిన ప్రశ్నల్లో ఒకటి. ఇంకా పైమెట్టులో నిజమైన చక్రాన్నే రోడ్డు ముక్క మీద అటూ ఇటూ నడిపి, ఏళ్ల ట్రాఫిక్‌ను నెలల్లో ముగించే యంత్రాలున్నాయి. ఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థలో ఆ సదుపాయం ఉంది.

ఫలితాన్ని చెప్పే తీరు కూడా నేర్చుకోవాలి. జాలి లేని పొరలో 20 మిల్లీమీటర్ల గాడి పడటానికి 10 వేల నొక్కులు పట్టాయనుకుందాం. జాలి ఉన్న పొరలో అదే గాడికి 30 వేలు పట్టాయనుకుందాం. అప్పుడు ట్రాఫిక్ బెనిఫిట్ రేషియో 3. వినడానికి చాలా తేలిక. కానీ ఈ '3' ని '10' చేయడం ఇంకా తేలిక. జాలి లేని తొట్టెలో మట్టి రెండు శాతం ఎక్కువ తడిగా ఉంటే చాలు. కంకర కొంచెం తక్కువ దట్టించినా చాలు. 20 కి బదులు 75 మిల్లీమీటర్ల గాడి దగ్గర పోల్చినా చాలు, అక్కడ నులకమంచం సంగతి మొదలై అంకె పెరిగిపోతుంది. మోసం చేయాలనే ఉద్దేశం ఉండక్కర్లేదు, కాస్త అశ్రద్ధ సరిపోతుంది. అందుకే ఇలాంటి రిపోర్టు చేతికి రాగానే జాలి వేసిన తొట్టెను కాదు, జాలి వేయని తొట్టెను ముందు చూడండి. దాని తేమ ఎంత, సాంద్రత ఎంత, ఎన్నిసార్లు చేశారు? ఇంటర్వ్యూలో మీరు ఈ మూడు ప్రశ్నలు అడిగితే ఎదురుగా కూర్చున్న మెటీరియల్ ఇంజినీరు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

మన రాష్ట్రంలోనూ ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. జేఎన్‌టీయూ కాకినాడతో అనుబంధమున్న డి.ఎస్.వి. ప్రసాద్, ఎం. అంజన్ కుమార్, జి.వి.ఆర్. ప్రసాదరాజు ఉబ్బే నేల మీద నమూనా రోడ్లు వేసి, సైక్లిక్ ప్లేట్ లోడ్ పరీక్షలు చేసి 2010 లో ప్రచురించారు. బేస్ కాదు, దాని కింది సబ్‌బేస్ పొరలో వాళ్లు పెట్టిన వస్తువులు చూడండి: జియోగ్రిడ్, తారు పూసిన కోళ్ల జాలి, తారు పూసిన వెదురు జాలి, వాడి పారేసిన ప్లాస్టిక్, పాత టైర్ల రబ్బరు. ఫలితం కూడా సరిగ్గా అదే వరుసలో వచ్చింది. జియోగ్రిడ్ ముందు, కోళ్ల జాలి దాని వెనకే. ఐదో స్థానంలో వచ్చినదాన్ని కూడా దాచకుండా రాయడం మాకు నచ్చింది. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఓడిపోయిన మెటీరియల్ ఎప్పుడైనా కనిపించిందా మీకు?

ఇక మొదట చెప్పిన ఆ రెండో పగులు సంగతి. అంచు వెంట పొడవునా సాగేది. దానికి చాలాసార్లు లారీ కారణం కాదు, ఎండ. వేసవిలో రోడ్డు పక్క నేల ఆరి ముడుచుకుంటుంది. రోడ్డు నడుమ కింద మాత్రం తేమ మిగిలే ఉంటుంది. ఆ లాగుడుకు అంచు చీలుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లోనూ మనలాంటి ఉబ్బే నల్లమట్టి నేలలున్నాయి, అదే బాధ ఉంది. అక్కడి గ్రైమ్స్ కౌంటీలో ఎఫ్ఎం 2 అనే గ్రామీణ రోడ్డును 2006 లో తిరిగి వేసినప్పుడు, టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్న్‌బర్గ్ బృందం దాన్ని 32 ముక్కలుగా విభజించింది. రకరకాల జాలులు, సున్నం కలిపినవి, కలపనివి, ఏమీ వేయనివి. ప్రతి రకాన్నీ ఒక్క చోట కాకుండా రోడ్డు మీద వేర్వేరు చోట్ల మళ్లీ మళ్లీ వేశారు. ఒకచోట బాగుంటే అదృష్టం అనుకోవచ్చు, నాలుగుచోట్ల బాగుంటే అనుకోలేం. ఏళ్ల తరబడి చూసి, బేస్‌లో జాలి వేసిన చోట అంచు పగుళ్లు బాగా తగ్గాయని తేల్చారు. ల్యాబులో ఎన్ని లక్షలసార్లు నొక్కినా ఈ విషయం బయటపడదు. తొట్టెలో వేసవి రాదు కాబట్టి.

మరి మీ కాలేజీలో కోట్ల రూపాయల యాక్చుయేటర్ లేదు. నిజమే. కానీ 150 మిల్లీమీటర్ల ప్లేటు మీద అదే 0.56 మెగాపాస్కల్ ఒత్తిడి తేవడానికి కావాల్సింది 10 కిలోన్యూటన్లే, అంటే టన్ను బరువు. చేత్తో కొట్టే హైడ్రాలిక్ జాక్, దాని మీద ఒక ప్రూవింగ్ రింగ్, రెండు డయల్ గేజ్‌లు, మీటరు పొడవు వెడల్పు లోతున్న తొట్టె, జాక్‌ను పైనుంచి ఆపడానికి ల్యాబులోని లోడింగ్ ఫ్రేమ్. ప్లేటు వ్యాసానికి ఆరు రెట్ల వెడల్పు ఉంది కాబట్టి గోడల ప్రభావం పెద్దగా ఉండదు. ప్లేటు చిన్నది కనుక కంకర కూడా చిన్నదే వాడాలి, ఆ కంకరకు సరిపడే గళ్ల జాలి వెతుక్కోవాలి. నొక్కి, చదివి, వదిలి, మళ్లీ చదవడానికి 40 సెకన్లు. గంటకు 90. నలుగురు వంతులేసుకుని ఆరుగంటలు కూర్చుంటే 540 నొక్కులు. జాలితో మూడుసార్లు, లేకుండా మూడుసార్లు చేయండి. ప్రతిసారీ అయిపోయాక మట్టి తీసి ఓవెన్‌లో పెట్టి తేమ చూడండి. లక్షల ట్రాఫిక్‌కు 540 సరిపోదు, రిపోర్టులో ఆ మాట కూడా రాయండి. కానీ గాడి మొదట్లో వేగంగా దిగి తర్వాత నెమ్మదించే వంపును మీ చేతులతో మీరే గీస్తారు. చేతులు నొప్పెట్టిన ప్రాజెక్టును ఎవరూ మరిచిపోరు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాం. క్వాలిటీ కంట్రోల్‌లో మొదటి ఉద్యోగం సాధారణంగా ఎండలో, దుమ్ములో, క్యాంపులో. మొదటి జీతం చూసి సాఫ్ట్‌వేర్ స్నేహితుడితో పోల్చుకుంటే నిద్ర పట్టదు. అయితే పని మాత్రం ఉంది. హైవే ప్రాజెక్టుల్లో కాంట్రాక్టరు వైపూ, పర్యవేక్షించే ఇంజినీర్ల వైపూ మెటీరియల్ మనుషులు కావాలి. స్ట్రాటా, టెక్‌ఫ్యాబ్, మకాఫెరీ లాంటి సంస్థలు జియోసింథటిక్స్ ఇక్కడే తయారు చేస్తున్నాయి. డిజైన్, టెక్నికల్ సపోర్టు కోసం సివిల్ వాళ్లను తీసుకుంటాయి. కేంద్రం 2020 లో 1,480 కోట్లతో జాతీయ టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్ ప్రకటించింది. 2023 లో 19 రకాల జియోటెక్స్‌టైల్ ఉత్పత్తులకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు తెచ్చింది. ప్రమాణం తప్పనిసరి అయిన చోట పరీక్ష చేసేవాళ్లు కూడా తప్పనిసరి. పైచదువుకు వెళ్లేవారికి గేట్ రాసి ఐఐటీ హైదరాబాద్, ఎన్ఐటీ వరంగల్‌లలో జియోటెక్నికల్ ఎంటెక్ దారి ఉంది. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ రాజగోపాల్ జియోసింథటిక్స్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. కోచింగ్ ఫీజు కట్టే ముందు నాలుగు పాఠాలు విని చూడండి. ఐఆర్‌సీ ఎస్‌పీ 59 కూడా లైబ్రరీలో అడగండి. లేదంటే తెప్పించమని అడగండి, అడగడం మీ హక్కు.

ఒక మాట అధికారులకూ చెప్పాలి. 2020 మే నెలలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కొబ్బరిపీచు జియోటెక్స్‌టైల్‌తో ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్ల గ్రామీణ రోడ్లు వేయాలని నిర్ణయించింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164, తెలంగాణ వాటా 121 కిలోమీటర్లు. అంతకుముందే 1990 ల్లో కాకినాడ రేవు రోడ్డు కింది మెత్తటి సముద్రపు బంకమట్టి మీద జనపనార బట్ట పరిచి కట్ట వేశారు. కొత్త మెటీరియల్ వాడటంలో మనం వెనకబడలేదు. కానీ వాడిన ప్రతిచోటా పక్కనే ఓ యాభై మీటర్లు ఏమీ వేయకుండా, మిగతా అంతా అదే కొలతలతో వదిలితేనే వేసినదాని విలువ తెలుస్తుంది. పల్నాడులో ఇకపై జాలి గానీ, పీచు బట్ట గానీ వేసే ప్రతి రోడ్డులో అలాంటి ముక్క ఒకటి ఉంచాలి. దానికి రాయి పాతి, ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గాడి కొలిచే పనిని నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులకు అప్పగించాలి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. ఒక స్ట్రెయిట్ ఎడ్జ్, ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం, కాలేజీకీ రోడ్డు శాఖకూ మధ్య ఒక ఉత్తరం చాలు. యాభై మీటర్ల ముక్క కాస్త ముందే పాడైతే కాంట్రాక్టరు మీద పడతారనే భయం ఉంటుంది. ఆ ముక్కకు మరమ్మతు బాధ్యత అతనిది కాదని ఒప్పందంలోనే రాస్తే సరిపోతుంది.

ఉత్తర్వు వచ్చేదాకా మీరు ఆగక్కర్లేదు. ఒకే చోట నుంచి రెండుసార్లు మట్టి తెచ్చుకోండి. ఏప్రిల్‌లో నెర్రెలు విచ్చినప్పుడు ఒక బస్తా, సెప్టెంబరులో తడిసి ఉన్నప్పుడు ఒక బస్తా. పైన అడుగు మట్టి వదిలేసి కిందిది తీయండి, పైదాంట్లో వేర్లూ ఎరువూ కలిసి ఉంటాయి. సెప్టెంబరు బస్తా నుంచి తేమ పరీక్షకు కొంచెం అక్కడికక్కడే ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి తెచ్చుకోండి. గట్టు పక్కన గుంట తీసే ముందు పొలం ఎవరిదో కనుక్కుని ఆ రైతును అడగండి. అది మిర్చి నాట్ల కాలం, అడక్కుండా తవ్వితే ఆయన తిట్టినా మీరు పడాల్సిందే.